నీలి తెర వచ్చిన రోజులు

మొదటి రోజు

నాలుగో అంతస్తుకి నీళ్ళు వదిలే ల్యాప్‌టాప్ ఈ మధ్యాహ్నం మూడింటికి మా ఇంటికి వచ్చింది. వంతు అరవై రోజులు. అప్పగించింది 36వ గడి మసేనమ్మ. పుచ్చుకున్నది 37వ గడి శేషారత్నం, అంటే నేను.

సరిచూసుకున్నవి: ల్యాప్‌టాప్ ఒకటి, దాని మూత అంచున వేలెడంత పాత పగులు. చార్జరు ఒకటి. వాల్వులకి వెళ్ళే తీగ ఒకటి, రెండు చోట్ల టేపు చుట్టి ఉంది. కర్రపెట్టె ఒకటి.

"అన్నీ సరిపోయినాయా రత్నమ్మగారూ?" అని అడిగింది మసేనమ్మ, ఒకప్పుడు కార్లు నిలపడానికి గీసిన మా గడి పసుపు గీతకి అవతలే నిలబడి.

"సరిపోయాయి. లోపలికి రా, కాస్త మజ్జిగ తాగి వెళ్దువుగాని."

"వొద్దమ్మా. బంగారికి నెలలు నిండినాయి, ఒక్కతే వుంది. అరవై దినాలు దీన్ని సంటిబిడ్డలా సూసినాను. ఇంక నిజం సంటిబిడ్డ పనుంది" అని నవ్వి వెళ్ళిపోయింది.

పుచ్చుకున్నవాళ్ళు యంత్రం ఏ స్థితిలో వచ్చిందో రాయాలి గనక రాస్తున్నాను. ఆన్ చేసి చూశాను, బాగా పనిచేస్తోంది. పెట్టె తెరవగానే ఎండుచేపల వాసన వచ్చింది. పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను.

రెండో రోజు

పొద్దున్న ఆరింటికి నీళ్ళు మొదలుపెట్టాను. వంతు ఉన్న ఇల్లు వరసలో మొదటిది గనక మొదటి నీళ్ళు మావి. కిందటి వంతు చేసిన మసేనమ్మ ఇల్లు రెండోది. అలా వెనక్కి వెనక్కి, వంతు చేసి ఎక్కువ కాలమైన ఇల్లు నలభై ఒకటోది. ఇంటికి నాలుగు నిమిషాలు, రెండు బిందెలు. ఎనిమిది నలభై నాలుగుకి ఆఖరి వాల్వు మూతపడింది. తొట్టిలో ఇంకా రెండిళ్ళకి సరిపడా మిగిలింది.

పని అయ్యాక ల్యాప్‌టాప్ మూసి పెట్టెలో పెడుతుండగా ఒక ఆలోచన వచ్చింది. కింద రెండో అంతస్తు దాకా సముద్రమే. ఈ గాలికి గోడలే చెమ్మగిల్లుతాయి, యంత్రం ఎంత? ఊరగాయల అల్మరాలో నేను ఎప్పుడూ వేయించిన రాళ్ళ ఉప్పు మూటకట్టి పెడతాను. చెమ్మంతా అది లాగేసుకుంటుంది. ఉప్పుకి మా ఇంట్లో కొదవ లేదు. మా ఆయన పై అంతస్తులో ఆవిరి పళ్ళేల దగ్గర పనిచేస్తారు. ఎండకి సముద్రపు నీళ్ళు ఆవిరై, అద్దాలకి పట్టి, తొట్టిలోకి దిగాక పళ్ళెంలో మిగిలే ఉప్పు గీకి తెస్తారు. దోసెడు ఉప్పు వేయించి, పలచటి గుడ్డలో కట్టి, ల్యాప్‌టాప్ కిందికి వచ్చేలా పెట్టె అడుగున పరిచాను.

"నీళ్ళ యంత్రానికి ఊరగాయ వైద్యమా?" అన్నారు మా ఆయన.

"నా ఊరగాయ ఏనాడైనా బూజు పట్టిందా?"

"లేదు."

"అయితే మాట్లాడకండి."

ఐదో రోజు

నిన్నటి నుంచి ముసురు. ఈ వాన నీళ్ళు మసి పట్టి ఉంటాయి, తాగడానికీ ఒంటికి పోసుకోడానికీ పనికిరావు. ఏడూ పదికి, పద్దెనిమిదో ఇంటి వాల్వు తెరిచి ఉండగా, తెర మొత్తం నీలంగా మారిపోయింది. తెల్ల గీతలతో ఒక ఏడుపు మొహం బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో నాలుగు లైన్లు. అన్ని వాల్వులూ టకటకా మూసుకున్నాయి.

లైన్లు అలాగే ఎత్తి రాసుకున్నాను. ఆఖర్న పెద్ద అక్షరాల్లో ఉన్న మాట మెమరీ మేనేజ్‌మెంట్.

మళ్ళీ ఆన్ అవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆన్ అయ్యాక నీళ్ళు మళ్ళీ మొదటి ఇంటి నుంచే మొదలయ్యాయి. ఆగినచోటి నుంచి మొదలుపెట్టే వీలు ఈ ప్రోగ్రాం రాసినవాళ్ళు పెట్టలేదు. అడుగుదామంటే వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. మాకు రెండోసారి రెండు బిందెలు వచ్చాయి. వరసలో ఇరవై ఐదో ఇంటి దగ్గర తొట్టి ఖాళీ అయింది. వెనక పదహారు ఇళ్ళకి చుక్క లేదు.

రెండోసారి వచ్చిన నీళ్ళు వెనకవాళ్ళకి ఇవ్వాలని నియమం లేదు. నేను ఒక బిందె ఆఖరి ఇంటికి ఇచ్చాను. మసేనమ్మ రెండు బిందెలూ ఇచ్చేసింది.

ఏడో రోజు

ముసురు. నిన్న నీలి తెర రాలేదు, ఇవాళ వచ్చింది, ఆరూ యాభై రెండుకి. అదే మాట.

శనివారం గనక సాయంత్రం నాలుగింటికి ర్యాంపు మీద అందరూ చేరారు. అంతస్తు పెద్ద తాతారావుగారు వంతు పుస్తకం చదివారు. మొదటి రోజు చదువుతూ ఎండుచేపల వాసన దగ్గరికి వచ్చేసరికి వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. మసేనమ్మ తల ఎత్తి ఒకసారి నావైపు చూసి, మళ్ళీ నేల చూసింది. ఆమె ఐదో అంతస్తు ర్యాంపు మీద చేపలు ఎండబెట్టి ఇల్లు గడుపుతుంది. ఆ సంగతి అందరికీ తెలిసిందే.

రెండో రోజు చదివినప్పుడు మాత్రం ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. ఉప్పు ఎంతసేపు వేయించాలి, ఏ గుడ్డ మంచిది అని. చిటపటలు ఆగేదాకా అని చెప్పాను.

"వంతంటే ఇలా చెయ్యాలి. పేజీలకి పేజీలు! మసేనమ్మ వంతులో చూడండి, అరవై రోజులూ 'బాగుంది' అని ఒకే మాట" అన్నారు తాతారావుగారు.

"బాగున్నప్పుడు మరేటి రాస్తాం?" అంది మసేనమ్మ కూతురు బంగారి. ఆ ఇంట్లో చదువుకున్నది ఆ పిల్లే, ఆ 'బాగుంది'లు రాసింది కూడా ఆ పిల్లే.

పదో రోజు

ముసురు తగ్గలేదు. ఇప్పటికి నీలి తెర నాలుగుసార్లు. మూడుసార్లు మెమరీ అనీ, ఒకసారి పేజీ ఏదో అనీ వచ్చింది.

పులుసు కుదరకపోతే ఒకేసారి ఉప్పూ పులుపూ రెండూ సరిచెయ్యకూడదు. దేనివల్ల కుదిరిందో తెలియదు. ఇక్కడా అలాగే ఒక్కరోజుకి ఒక్కటే మార్చి చూస్తున్నాను. ఏడో రోజు మధ్యాహ్నం చార్జరు మార్చి 12వ గడివాళ్ళది పెట్టాను. ఎనిమిదో రోజు నీలి తెర మళ్ళీ వచ్చింది. అప్పుడు వాళ్ళది వాళ్ళకిచ్చేసి, యంత్రాన్ని పొయ్యి సెగకి దూరంగా ముందు గదిలోకి మార్చాను. తొమ్మిదో రోజు రాలేదు, ఆశపడ్డాను. ఇవాళ వచ్చింది. రేపు వాల్వుల తీగ మారుస్తాను. అదీ కాకపోతే బాషా మాస్టార్ని పిలవాలి.

పదమూడో రోజు

ముసురు. తీగ కాదు. గాలి వచ్చే చిల్లుల్లో దుమ్మూ కాదు, మెత్తటి బ్రష్షుతో దులిపి చూశాను.

పొద్దున్న నీళ్ళయ్యాక యంత్రాన్ని ఆరో అంతస్తుకి, బాషా మాస్టారి బల్ల దగ్గరికి మోసుకెళ్ళాను. ఆయన కట్టడం మొత్తానికి మిగిలిన మెకానిక్కు. నేను రాసుకొచ్చిన కాగితం చదివి, "అమ్మా, నా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ 'ఏదో అయింది మాస్టారూ' అంటారు. మీరు నిమిషాలతో సహా తెచ్చారు" అన్నారు. అడుగు మూత విప్పి మెమరీ పట్టీ బయటికి తీశారు. దాని పసుపుపచ్చటి పళ్ళ మీద తెల్లటి పెచ్చు, అక్కడక్కడ ఆకుపచ్చ.

"ఇదిగో మీ ఏడుపు మొహం. ఉప్పు" అన్నారు.

పట్టీనీ, అది కూర్చునే చోటునీ రబ్బరుతో రుద్ది, స్పిరిటుతో తుడిచి ఇచ్చారు.

మరో వార్త. నిన్న మధ్యాహ్నం బంగారికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

పద్నాలుగో రోజు

ఎండ వచ్చింది. నీళ్ళు ఎనిమిది నలభై నాలుగుకి సవ్యంగా ముగిశాయి.

ర్యాంపు మీద బాషా మాస్టారు ఉప్పు సంగతి చెప్పారు. ఎవరూ ఎవర్నీ అడగలేదు. అందరూ ఒకేసారి మసేనమ్మ వైపు తిరిగారు.

"మా ఇంట యంత్రం గూట్లో వుండేది, సేపలు ఐదో అంతస్తులో వుండేవి" అంది మసేనమ్మ. "నానెప్పుడూ ఆ సేతులతో ముట్టుకోనేదు. కడుక్కోకుండా మా బంగారిని కూడా ముట్టుకోనివ్వనేదు."

తాతారావుగారు ఈ పుస్తకం తెరిచి మొదటి రోజు రాసినది మళ్ళీ చదివారు. పెట్టె తెరవగానే ఎండుచేపల వాసన వచ్చింది. ఆ ఒక్క లైను చాలింది.

నిర్ణయం: 36వ గడి వరసలో రెండో చోటి నుంచి నలభై ఒకటో చోటికి. మళ్ళీ వంతు వచ్చేదాకా అక్కడే. లెక్క వేశాను. మా ఇంటితో మొదలుపెట్టి నలభై ఇళ్ళు, ఇంటికి రెండు నెలలు, మొత్తం ఆరేళ్ళ ఎనిమిది నెలలు.

వరస మార్చవలసింది యంత్రం ఉన్నవాళ్ళే. సాయంత్రం ఐదున్నరకి నేనే మార్చాను. మార్పు రేపటి నుంచి అమలవుతుంది.

ఇరవై రెండో రోజు

తొమ్మిది రోజులుగా ఎండ, తొమ్మిది రోజులుగా నీలి తెర లేదు. ఉప్పు మూట తీసి మళ్ళీ వేయించి పెట్టాను.

పొద్దున్న మసేనమ్మ తన ఆరు చేపల తట్టలూ ర్యాంపు చివరికి మోసుకొచ్చి సముద్రంలోకి వదిలేసింది. ఎందుకని అడిగాను. "అంతస్తుకి ఇబ్బందని అందరూ అంటన్నారు గదమ్మా. వల బాగుచేసే పని సూసుకుంటాను" అంది. అలలకి తట్టలు చాలాసేపు కట్టడం గోడకి కొట్టుకుంటూ ఉన్నాయి.

ముప్పై ఒకటో రోజు

నిన్న సాయంత్రం నుంచి వాన. పొద్దున్న ఆరూ నలభైకి నీలి తెర. మెమరీ. వెనక తొమ్మిది ఇళ్ళకి నీళ్ళు అందలేదు.

ముప్పై రెండో రోజు

అంతా సవ్యం.

ముప్పై మూడో రోజు

అంతా సవ్యం.

ముప్పై నాలుగో రోజు

పై రెండు రోజులూ రాసినది అబద్ధం. రెండు రోజులూ నీలి తెర వచ్చింది, ఇవాళా వచ్చింది. జరిగినది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

ముప్పై రెండో రోజు తెర ఆరూ ముప్పై ఒకటికి నీలమైంది. మసేనమ్మ ఈ యంత్రాన్ని ముట్టుకుని నెల దాటింది. బాషా మాస్టారు తుడిచి పంతొమ్మిది రోజులైంది. మరి కొత్తగా ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది? పుస్తకం ముందేసుకుని నీలి తెర వచ్చిన రోజులు ఒక వరసలో, వాన పడ్డ రోజులు ఒక వరసలో రాశాను. వాన లేని రోజు ఒక్కసారి కూడా రాలేదు. అప్పుడు లేచి వెళ్ళి పెట్టె చూశాను.

ఉప్పు మూట చెమ్మ లాగింది. నేను చెప్పినట్టే లాగింది. లాగిన చెమ్మ ఎక్కడికి పోతుందో నేను ఆలోచించలేదు. ఊరగాయల అల్మరాలో మూట కింద ఎప్పుడూ పళ్ళెం ఉంటుంది, ఇక్కడ పెట్టలేదు. మూట నానిపోయి పెట్టె అడుగు చెక్క తడిగా ఉంది. ల్యాప్‌టాప్ అడుగున, సరిగ్గా బాషా మాస్టారు విప్పిన మూత అంచు వెంట, తెల్లగా గీత కట్టి ఉంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. వేరే పరీక్ష అక్కర్లేదు.

మూట సముద్రంలోకి విసిరేశాను. పెట్టె తుడిచి ఆరబెట్టాను. పుస్తకంలో అంతా సవ్యం అని రాశాను. ముప్పై ఏళ్ళుగా ఇంటి పద్దులు రాస్తున్నాను, దిద్దుబాట్లు ఉన్నాయి గానీ అబద్ధం రాయడం అదే మొదలు.

ఆ రోజు బంగారి పిల్లకి ఇరవై ఒకటో రోజు. ఉయ్యాల్లో వేస్తాం రమ్మని ముందే పిలిచారు. నీలి తెర వచ్చింది గనక మాకు నాలుగు బిందెలు, వాళ్ళకి సున్నా. ముందురోజూ సున్నాయే. రెండు బిందెలు తీసుకెళ్ళాను. మసేనమ్మ ఆ నీళ్ళు కాచి పిల్లకి పోసి, వచ్చిన నలుగురు ఆడవాళ్ళ ముందూ, "ఈరోజు మా పిల్ల నీళ్ళాడిందంటే రత్నమ్మగారి పున్నెమే" అంది. పిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"తప్పు నాదేనమ్మా. పెట్టె తుడిసిన గుడ్డ సరిగా ఉతకనేదు కాబోలు. మీరు మనసులో ఎట్టుకోకండి" అంది.

నేను "పోనీలే మసేనమ్మా" అన్నాను.

ఇంతకంటే తప్పు మాట ఇంకోటి ఉండదు. క్షమించేదాన్నిలా అన్నాను. ఇప్పుడు ఇక్కడ రాస్తుంటే కూడా ఆ గొంతు నాకు వినిపిస్తోంది.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన గోళ్ళలో ఇరుక్కున్న ఉప్పు గీకి పారేశారు.

"ఉప్పు తెచ్చింది నేను, మూట కట్టింది నువ్వు. చెప్తే ఇద్దరికీ కలిపి పడుతుంది" అన్నారు. "బాషా మళ్ళీ తుడుస్తాడు, బాగుపడుతుంది. బాగుపడ్డాక ఎవరి తప్పయితే ఏమిటి?"

"మసేనమ్మ ఏడేళ్ళు ఆఖర్న ఉండాలా?"

"జనం ఏడేళ్ళు గుర్తుపెట్టుకుంటారా? ఆర్నెల్లు పోనీ, నేనే తాతారావుతో మాట్లాడతాను. ఈలోగా రోజూ నీళ్ళు మొయ్యకు. ఎందుకు మోస్తోంది అని అడుగుతారు."

నేను ఒప్పుకున్నాను. ఆయన మీద నెట్టడానికి ఇది రాయడం లేదు. నేనే ఒప్పుకున్నాను, కాస్త తేలిగ్గా కూడా అనిపించింది. నిన్న మాకు నాలుగు బిందెలు వచ్చాయి. ఒక్కటీ ఇవ్వలేదు. బిందెల మీద మూతలు పెట్టి కూర్చున్నాను.

మా గడికీ వాళ్ళ గడికీ మధ్య రేకు గోడ. నిన్న మధ్యాహ్నం నుంచి పిల్ల ఏడుపు వినిపిస్తోంది. ఇవాళ పొద్దున్నకి ఏడుపు తగ్గింది. మంచిదే అనుకున్నాను. తీరా విని చూస్తే తగ్గలేదు, గొంతు బొంగురుపోయింది. "నాకే నాలిక పిడచ కట్టుకుపోతంటే పాలెక్కడి నుంచి వొస్తాయే అమ్మా" అని బంగారి అనడం విన్నాను.

ఇవాళ రెండోసారి వచ్చిన రెండు బిందెలూ తీసుకెళ్ళి వాళ్ళ గీత దగ్గర పెట్టి, పిలిచి, ఆగకుండా వచ్చేశాను. దండాలు పెట్టించుకోలేను.

ఇంకొకటి ఉంది, అది అన్నిటికన్నా ముందుది. మొదటి రోజు పెట్టె తెరవగానే ఎండుచేపల వాసన వచ్చిందని రాశాను. పెట్టెలో ఏ వాసనా లేదు. పాత కర్ర వాసన, అంతే. చేపల వాసన వచ్చింది మసేనమ్మ చీర నుంచి, పెట్టె అందించడానికి ఆమె వంగినప్పుడు. రాసేటప్పుడు ఆ తేడా నాకు తెలుసు. ఉప్పు మూట తెలియక పెట్టాను. ఆ లైను తెలిసే రాశాను.

ముప్పై ఐదో రోజు

వాన. నీలి తెర, ఆరూ ఇరవైకి. మా రెండో వాటా మసేనమ్మ ఇంటికి వెళ్ళింది.

సాయంత్రం తాతారావుగారు ర్యాంపు మీద పుస్తకం తెరిచారు. ముప్పై ఒకటో రోజు చదివారు. "ముప్పై రెండు, అంతా సవ్యం. ముప్పై మూడు, అంతా సవ్యం" అన్నారు. పేజీ తిప్పి, కళ్ళజోడు సర్దుకుని కాసేపు కళ్ళతోనే చదువుకుని, పుస్తకం మూసేశారు. "ఈ వారానికి ఇంతే."

"ఇంకా ఉంది తాతారావుగారూ" అన్నాను.

"చూశానమ్మా" అన్నారు గొంతు తగ్గించి. "అది మీ ఇంటి సొంత విషయంలా ఉంది. తీరిగ్గా మాట్లాడుకుందాం."

"సొంత విషయం కాదు. నీళ్ళ విషయం."

పుస్తకం ఆయన చేతుల్లోంచి తీసుకుని నేనే చదివాను. పోనీలే అన్న లైను కూడా వదల్లేదు. చివరిదాకా చదివాను. మా ఆయన వెనక స్తంభం పక్కన నిలబడి ఉన్నారు, వెళ్ళిపోలేదు.

ముందు మాట్లాడింది 12వ గడి ఆవిడ. "మీ మాట విని మా పట్టుచీరల పెట్టెలో కూడా ఉప్పు మూట పెట్టానే!" అని పరిగెత్తింది. ఇంకో ఇద్దరు ఆమె వెనకే వెళ్ళారు.

"ఆవిడ మంచికని చేసింది. పొరపాటు అందరికీ జరుగుతుంది. ఇంతటితో వదిలేద్దాం" అన్నారు తాతారావుగారు.

"మసేనమ్మ విషయంలో ఆ మాట ఎవరూ అన్లేదేం?" అన్నారు బాషా మాస్టారు. "ఆ రోజు నేను ఉప్పు అన్నాను గానీ చేప అన్లేదు. చేప అన్నది మీరు."

అప్పుడు మసేనమ్మ జనంలోంచి ముందుకి వచ్చింది. నా ఎదురుగా రెండడుగుల దూరంలో నిలబడింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"ఆ వాసన పెట్టెది కాదని ఆ దినమే తెలుసా నీకు?"

ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదలు.

"తెలుసు."

"మరెందుకు రాసినావు?"

"రాసేటప్పుడు నీ చీరా పెట్టే ఒకటే అనిపించాయి" అన్నాను.

ఆమె తల ఊపింది. నిజం చెప్పావు అన్నట్టు కాదు. ఇదేనా సంగతి అన్నట్టు. వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది.

ముప్పై ఆరో రోజు

నిన్న ర్యాంపు మీద ఏమీ తేలలేదు. తాతారావుగారు ఆలోచించి చెబుతామన్నారు. నేను ఆగలేదు. నిన్న సాయంత్రమే వరస మార్చాను. 36వ గడి మొదటి చోటుకి, 37 నలభై ఒకటో చోటుకి. ఎవరూ చెప్పకుండా వరస మార్చడం తప్పు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. వంతు ఉన్న ఇల్లు ఆఖర్న ఉండటం ఈ అంతస్తులో ఇదే మొదటిసారి అట.

ఇవాళ నీలి తెర ఏడూ ఐదుకి వచ్చింది. మాకు నీళ్ళు లేవు. నీళ్ళయ్యాక యంత్రాన్ని బాషా మాస్టారి దగ్గరికి మోసుకెళ్ళాను. ఆయన పట్టీ తీసి చూపించి, "ఒక పన్నుని ఉప్పు సగం తినేసింది. దీన్ని ఇక మూట గిట్టా లేకుండా చూసుకుంటే ఇంకో పదేళ్ళు నడుస్తుంది" అన్నారు. ఆకుపచ్చ పోయేదాకా నేనే రబ్బరుతో రుద్దాను. ఆయన పక్కన కూర్చుని చూశారు.

ముప్పై తొమ్మిదో రోజు

మూడు రోజులుగా వాన, మూడు రోజులుగా నీలి తెర లేదు. ఆఖరి నీళ్ళు ఎనిమిది నలభైకి మొదలై మాకు రెండు బిందెలు నిండాయి.

మా ఆయన పై అంతస్తులో పాత వెదురు దొరికితే తెచ్చి తట్ట అల్లడం మొదలుపెట్టారు. ఆయనకి రాదు. వంకరగా వచ్చింది. మసేనమ్మ దారిన పోతూ ఒకసారి చూసి వెళ్ళింది. సాయంత్రం మళ్ళీ వచ్చి, "అడుగు అల్లిక ఎడం సేతి నుంచి మొదలెట్టాల" అని ఆయనతో అంది. నాతో కాదు.

పిల్ల గొంతు బాగుపడింది. రేకు గోడ అవతల నుంచి వినిపిస్తోంది.

నలభై ఒకటో రోజు

వాన. నీళ్ళు సవ్యం. ఇది నిజం.

పదకొండింటికి మసేనమ్మ, బంగారి వచ్చారు. పిల్లని మసేనమ్మ ఎత్తుకుంది. నేను చేతులు చాచలేదు. ఇద్దరూ పసుపు గీత దాటి లోపలికి వచ్చి ల్యాప్‌టాప్ పక్కన కూర్చున్నారు.

"ఆ పుస్తకం ఇలాగియ్యి" అంది మసేనమ్మ. "నీ మాట నువ్వు రాసినావు, సదివినావు. మా మాట అందులో ఎక్కడా నేదు. ఒక కాయితం మాక్కావాల."

ఇచ్చాను. కలం కూడా ఇచ్చాను.

"నువ్వలా ర్యాంపు మీదకి ఎల్లు" అంది.

మా ఇంట్లోంచి నేను వెళ్ళి ర్యాంపు మీద నిలబడ్డాను. మసేనమ్మ మాట్లాడుతోందని తెలుస్తోంది గానీ వాన చప్పుడుకి ఒక్క ముక్కా వినపడలేదు. బంగారి తల వంచుకుని రాస్తోంది. మధ్యలో ఒకసారి ఆగి, తల్లి మొహంలోకి చూసి ఏదో అడిగింది. మసేనమ్మ గట్టిగా తల ఊపింది. బంగారి మళ్ళీ రాసింది. అరగంట పైనే పట్టింది.

వెళ్ళేటప్పుడు బంగారి పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

"రేపు సాయంత్రం తాతారావుగారు అందరిలో సదివేదాకా తియ్యకండి" అంది. "మీరు మా గురించి ఏటి రాసినారో మా అమ్మకి కూడా ర్యాంపు మీదే తెలిసింది."

"తియ్యను" అన్నాను.

వాళ్ళు రాసిన కాగితం తిప్పి చూడకుండా, పుస్తకాన్ని వెనక నుంచి తెరిచి, ఆ కాగితానికి వెనకవైపు ఉన్న ఈ పేజీలో రాస్తున్నాను. బంగారి కలం బాగా ఒత్తి రాసింది. అవతలి అక్షరాల గట్లు ఈ కాగితం మీద నా అరచేతికి తగులుతున్నాయి. వేలితో తడిమితే ఎన్ని లైన్లు ఉన్నాయో చెప్పగలను.

లెక్కపెట్టలేదు.